వెంటిలేటర్ తీసేయడానికి ఒప్పుకుంటే మనమే చంపినట్టా?

కోలుకునే ఆశ లేదని డాక్టర్లు తేల్చేశాక వెంటిలేటర్ తీసేయడానికి ఒప్పుకుంటే, ఆ మనిషిని మనమే చంపినట్టా అని అడిగారు. కాదనే నా నమ్మకం. మా ఇంట్లో ఈ గొడవ నడిచింది కాబట్టి చెబుతున్నాను.

మా పెద్దమ్మకు మెదడులో రక్తనాళం చిట్లింది. అర్ధరాత్రి వెంటిలేటర్ గొట్టం వేయాలన్నారు. కాగితం చదవకుండానే అన్నయ్య సంతకం పెట్టేశాడు. ముక్కుపుడక తీసి చిన్న ప్లాస్టిక్ కవర్లో వేసి అక్క చేతికిచ్చారు. అప్పుడెవరికీ పాపపుణ్యాలు గుర్తురాలేదు. ఇక స్పృహ రాదని, తీసేయడం గురించి ఆలోచించుకోమని డాక్టరుగారు చెప్పాకే మొదలైంది అసలు గొడవ.

"ఆయుష్షు తీరకముందే తీసేస్తే పాపం కాదా?" అన్నాడు అన్నయ్య.

"తీరిపోయాక పట్టుకుని ఆపితే పుణ్యమా?" అంది అక్క.

నేను అక్క వైపే. మిషను పెట్టకపోవడానికీ, పెట్టింది తీసేయడానికీ నైతికంగా తేడా లేదని వైద్యనీతి గురించి రాసేవాళ్లలో చాలామంది అంటారు. తేడా ఉందనుకుంటే ఇంకో చిక్కు ఉంది. తర్వాత తీయలేమన్న భయంతో, బతికే అవకాశమున్న వాళ్లకు కూడా పెట్టించడానికి వెనకాడతాం.

చట్టం కూడా ఇటే వచ్చింది. దాడికి గురై దశాబ్దాలపాటు ముంబై ఆసుపత్రిలో మంచానికే పరిమితమైన నర్సు అరుణా షాన్‌బాగ్ కేసులో 2011లో సుప్రీంకోర్టు ఆమె విషయంలో అనుమతి ఇవ్వలేదు కానీ, హైకోర్టు ఒప్పుకుంటే ఇలా ప్రాణం నిలబెట్టే చికిత్స ఆపొచ్చని చెప్పింది. 2018లో గౌరవంగా చనిపోవడం కూడా రాజ్యాంగంలో జీవించే హక్కునిచ్చే 21వ అధికరణం కిందికే వస్తుందని తీర్పిచ్చింది. ఇప్పుడు ఆసుపత్రిలో రెండు మెడికల్ బోర్డులు, అంటే డాక్టర్ల బృందాలు, ఒప్పుకోవాలి. ఇంజెక్షన్ ఇచ్చి ప్రాణం తీయడం మాత్రం నేటికీ నేరమే. హైదరాబాద్ చెస్ ఆటగాడు వెంకటేశ్, కండరాల క్షీణతతో మంచాన పడి, తన అవయవాలు పనికొచ్చే స్థితిలో ఉండగానే చనిపోనివ్వమని 2004లో కోరితే హైకోర్టు ఒప్పుకోలేదు. బ్రెయిన్ డెత్, అంటే మెదడు శాశ్వతంగా పనిచేయడం ఆగిపోవడం, సంగతి వేరు, అవయవదానం కోసం చేసిన 1994 చట్టం దాన్ని మరణంగానే గుర్తించింది.

మమ్మల్ని నిజంగా నలిపేసింది పాపపుణ్యాల లెక్క కాదు. ఒకటి డబ్బు. రోజూ పొద్దున్నే డిపాజిట్ కట్టమని ఫోన్ వచ్చేది. వదిన ఒక్కసారి ఆ మాట ఎత్తితే అందరూ ఆమెను రాక్షసిలా చూశారు, మనసులో అందరికీ అదే లెక్క ఉన్నా. రెండోది, పెద్దమ్మకేం కావాలో మాకు తెలియకపోవడం. "నన్నిలా గొట్టాల మీద ఉంచకండర్రా" అని ఆవిడ ఎప్పుడో అందని అక్క గట్టిగా చెప్పింది. అది పక్కింటి ముసలాయన్ని చూసి విసుగ్గా అన్న మాటేనంటాడు అన్నయ్య. చివరికి బోర్డులు రెండూ ఒప్పుకున్నాక సంతకం పెట్టింది అతనే. పెద్దమ్మ అన్న ఆ మాట మీద మాత్రం అక్కా అన్నయ్యా ఇప్పటికీ రాజీపడలేదు.

అందుకే, ఒంట్లో బాగున్నప్పుడే లివింగ్ విల్ రాసిపెట్టుకోండి, అంటే మనం చెప్పలేని స్థితికి వస్తే ఎలాంటి చికిత్స వద్దో ముందే రాసే కాగితం. 2023 నుంచి మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లక్కర్లేదు. ఇద్దరు సాక్షుల సంతకాలు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ చాలు. మన తరఫున నిర్ణయం తీసుకునేవాళ్ల పేర్లు కూడా అందులో రాయాలి. అక్కా నేనూ రాసేశాం. అన్నయ్యది వదిన పేరు రాయాలా, కొడుకు పేరు రాయాలా అన్న దగ్గర ఆగిపోయింది.