కోరని గుణాలు వెంట వస్తాయా?

ప్రశ్న: జంతువుల్లో, మొక్కల్లో మేలైన వాటినే ఎంచి సంతానం పెంచేటప్పుడు మనం కోరిన ఒక్క గుణమే మారుతుందా?

జవాబు: కోరనివీ మారుతాయి. సోవియట్ జన్యు శాస్త్రవేత్త ద్మిత్రి బెల్యాయెవ్ 1959లో మొదలుపెట్టిన ప్రయోగంలో, మనిషిని చూసి బెదరని, కరవని వెండినక్కలను మాత్రమే ప్రతి తరంలోనూ ఏరి జతకట్టించగా, కొన్ని తరాలకే తోక ఊపుతూ దగ్గరకు వచ్చే పిల్లలు పుట్టాయి; వాటిలో కొన్నింటికి, ఎవరూ ఎంచకపోయినా, వేలాడే చెవులు, తెల్లమచ్చలు, మెలితిరిగిన తోకలు కనిపించాయి. అయితే ఆ నక్కలు అంతకుముందే బొచ్చు కోసం తరతరాలుగా పెంచినవి కనుక, ఆ మచ్చలు కొత్తవి కావన్న అభ్యంతరం సబబే.

ఒకే జన్యువు పలు లక్షణాలను శాసించడం, పక్కపక్కనున్న జన్యువులు కలిసి సంక్రమించడం కోరని గుణాలు వెంట రావడానికి ముఖ్య కారణాలు. కాయంతా ఒకే తీరుగా ఎర్రబడేలా ఎంచిన టమాటాల్లో, ఆ రంగు తెచ్చిన జన్యుమార్పే పచ్చికాయలోని పత్రహరితాన్ని తగ్గించి, పండులో తీపినీ కొంత తగ్గించింది.