సుమో చూడబోయే మేనకోడలికి

చిరంజీవి శ్రావణికి మామయ్య ఆశీస్సులు.

సెప్టెంబరు సుమో పోటీలకు నలుగురికీ టికెట్లు దొరికాయనీ, మీ అత్తగారూ మామగారూ రాజమండ్రి నుంచి వచ్చిన వారంలోనే ఆ రోజు పడిందనీ చదివి చాలా సంతోషించాను. టోక్యోలో ఉద్యోగం చేసినంత కాలం నేను వదలకుండా చూసిన ఆట అది. కాబట్టి ఆ రోజు మీకు పూర్తిగా దక్కేందుకు ఏం చేయాలో నాకు తెలిసినంతలో వివరంగా రాస్తున్నాను. మధ్యాహ్నం నాలుగింటికి వెళ్తే చాలునని ఆఫీసులో అందరూ చెబుతున్నారని రాశావు. ఆ మాట వినకు. ఉదయమే వెళ్లండి. ఈ ఉత్తరంలో మిగిలినదంతా ఈ ఒక్క సలహాకు కారణాలూ, దాన్ని పాటించే తీరూ మాత్రమే.

పెద్ద పోటీలు ఏడాదికి ఆరు జరుగుతాయి. జనవరి, మే, సెప్టెంబరు నెలల్లో టోక్యోలోని ర్యోగోకు కొకుగికాన్‌లోనూ, మార్చిలో ఒసాకాలోనూ, జులైలో నగోయాలోనూ, నవంబరులో ఫుకువోకాలోనూ నిర్వహిస్తారు. ఒక్కొక్కటి ఆదివారం మొదలై 15 రోజులు సాగి మళ్లీ ఆదివారమే ముగుస్తుంది. ప్రతి రోజూ చిట్టచివరి తరగతి కుర్రవాళ్లతో ఉదయం ఎనిమిదిన్నర ప్రాంతంలో మొదలవుతుంది, చివరి రోజుల్లో మాత్రం ఇంకాస్త ఆలస్యంగా. సాయంత్రం ఆరు గంటలకు యోకొజునా, అంటే అత్యున్నత శ్రేణి మల్లుడు, పోరాడటంతో ఆ రోజు ముగుస్తుంది. మొత్తం ఆరు తరగతులున్నాయి. వాటిలో పైన ఉన్న మకుఉచిలో 42 మంది, దాని కింద ఉన్న జుర్యోలో 28 మంది, ఈ 70 మందికే నెలజీతం ఉంటుంది. మిగిలిన వందల మందికి శిక్షణశాలలో చోటు, తిండి, పోటీకింత అని ఒక చిన్న భత్యం దక్కుతాయి. పై రెండు తరగతుల వారు 15 రోజులూ పోరాడతారు, కింది వారికి అన్ని రోజుల్లోనూ కలిపి ఏడు పోరాటాలే. అంటే ఉదయం నువ్వు చూసే కుర్రవాడికి ఆ రోజు ఓడితే, తన లెక్క సరిచేసుకోవడానికి మిగిలే అవకాశాలు చాలా తక్కువ.

ఉదయం వెళ్లమనడానికి నా మొదటి కారణం ఇదే. పదకొండు వేల మంది పట్టే ఆ హాలు ఉదయం దాదాపు ఖాళీగా ఉంటుంది. రెండు దేహాలు ఢీకొన్న చప్పుడు పై అంతస్తు చివరి వరుస దాకా స్పష్టంగా వినిపిస్తుంది. సాయంత్రం జనం కేకల్లో అది వినపడదు. నిన్నమొన్నటి దాకా బడికి వెళ్లిన పదిహేనూ పదహారేళ్ల పిల్లలు కూడా ఆ తరగతుల్లో ఉంటారు. వాళ్లతోపాటు, మోకాళ్లకు పట్టీలు కట్టుకుని, పై తరగతుల నుంచి జారి వచ్చిన అనుభవజ్ఞులూ ఉంటారు. తెరునోఫుజి అనే మంగోలియా మల్లుడు ఓజెకి స్థాయి దాకా ఎదిగాడు. అది యోకొజునాకు ఒక్క మెట్టు కింద. ఆ తర్వాత మోకాలి గాయాలు, అనారోగ్యం వల్ల పోటీలకు దూరమై, కింది నుంచి రెండవదైన జొనిదాన్ తరగతికి పడిపోయాడు. 2019 మార్చిలో ఒసాకాలో అక్కడి నుంచే మళ్లీ మొదలుపెట్టాడు. 2020 జులైలో పై తరగతి విజేత అయ్యాడు, 2021లో 73వ యోకొజునా అయ్యాడు. నాలుగింటికి వచ్చే ప్రేక్షకులు ఆ ఒసాకా పోటీల్లో అతన్ని బరిలో చూసి ఉండరు.

కాబట్టి ద్వారం దగ్గర ఇచ్చే ఆనాటి జోడీల కాగితం తీసుకుని, తెరిచాక ఎంత తొందరగా వీలైతే అంత తొందరగా లోపలికి వెళ్లండి. ఒక చిన్న కిటుకు చెబుతాను. పోరు ఏ స్థాయిదో తెలియడానికి గ్యోజి, అంటే తీర్పరి, పాదాలు చూడు. కింది తరగతుల తీర్పరులు వస్త్రం మోకాళ్ల దాకా పైకి కట్టి, వట్టి పాదాలతో నిలబడతారు. జుర్యో నుంచి తెల్ల మేజోళ్లు కనిపిస్తాయి. అగ్రశ్రేణి మల్లుల పోరాటాలు వచ్చేసరికి ఆ మేజోళ్ల మీద చెప్పులు చేరతాయి. అందరికన్నా పెద్ద తీర్పరి నడుముకు చురకత్తి ఉంటుంది. తీర్పు తప్పితే తన ప్రాణం తీసుకోవడానికైనా సిద్ధమనే పూర్వకాలపు ప్రతిజ్ఞకు అది గుర్తు. మల్లులూ అంతే. కింది వారు నల్లని నూలు మావాషి, అంటే నడుముపట్టీ, కడతారు, పై రెండు తరగతుల వారు రంగురంగుల పట్టు మావాషి కడతారు. ఈ మార్పులు ఒక్కొక్కటిగా నీ కళ్ల ముందు జరుగుతుంటే, సాయంత్రం బరిలోకి వచ్చే వాడు ఎన్ని మెట్లు ఎక్కి వచ్చాడో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

ఇక మీ మామగారి సంగతి. కోడి రామమూర్తి నాయుడి కథలు వింటూ పెరిగిన వారు, చిన్నతనంలో తాలింఖానా కుస్తీలు చూసిన వారు కాబట్టి, ప్రత్యర్థిని చిత్తు చేసేదాకా పోరు సాగుతుందని ఆయన ఎదురుచూడవచ్చు. సుమోలో వెన్ను నేలకు తాకించనక్కరలేదు. అరికాళ్లు తప్ప దేహంలో ఏ భాగం మట్టికి తాకినా, వలయం దాటి ఒక్క వేలు పడినా ఓటమే. చాలా పోరాటాలు పది సెకన్ల లోపే తేలిపోతాయి. బరువుల వారీ విభాగాలు లేవు. కాబట్టి నూరు కిలోలవాడు నూటడెబ్భై కిలోలవాడితో తలపడటం వింత కాదు. గెలుపు పట్లు 82 అని లెక్క కట్టి పేర్లు పెట్టారు. వాటిలో యోరికిరి, అంటే మావాషి పట్టుకుని బయటికి నెట్టుకుపోవడం, ఓషిదాషి, అంటే పట్టు లేకుండా తోసివేయడం, ఈ రెండే ఎక్కువ. మొదట్లో ఈ రెండూ గుర్తుపట్టగలిగితే చాలు.

ఈ ఆటలో అన్నిటికన్నా ముఖ్యమైన క్షణం తచియాయ్. తీర్పరి 'మొదలుపెట్టండి' అని సంకేతం ఇవ్వడు. ఇద్దరు మల్లులూ ఎదురెదురుగా వంగి, ఒకరి ఊపిరి ఒకరు గమనించుకుంటూ, రెండు చేతులూ మట్టికి తాకించి, తమ సమ్మతితోనే ఒకేసారి లేచి ఢీకొంటారు. ఒకరు తొందరపడితే మళ్లీ మొదలుపెడతారు. ఆ క్షణంలో ముఖాలు చూడవద్దని మీ మామగారికి చెప్పు, నడుములు చూడమను. ఎవరి నడుము కిందుగా ఉందో, ఎవరి పాదాలు నేలను వదలకుండా జరుగుతున్నాయో వారి చేతిలోకి పోరు వెళ్లినట్టే. కొందరు ఎదుటివాడు దూసుకు రాగానే పక్కకు తప్పుకుని గెలుస్తారు. అది నిబంధనలకు లోబడినదే అయినా, పెద్ద మల్లుడు అలా గెలిస్తే జనం నిట్టూర్చడం వినిపిస్తుంది. నా మనసు కూడా ఆ జనం వైపే ఉంటుంది.

తచియాయ్‌కు ముందు జరిగే తంతును చాలామంది విసుగ్గా చూస్తారు, ఫోన్లు తీస్తారు. మీరు అలా చేయకండి. పై తరగతిలో నాలుగు నిమిషాలు, జుర్యోలో మూడు, దాని కింది తరగతి అయిన మకుషితలో రెండు నిమిషాలు గడువుంటుంది. ఆ లోపల ఎప్పుడైనా తలపడవచ్చు గానీ, సాధారణంగా గడువు చివరిదాకా వెళ్తారు. పూర్వం హద్దే లేదు. 1928లో రేడియో ప్రసారాలు మొదలయ్యాకే ఈ పరిమితి వచ్చింది. ఆ నిమిషాల్లో వారు నీళ్లు పుక్కిలిస్తారు, కాలు ఎత్తి నేలను తొక్కుతారు, శుద్ధి కోసం ఉప్పు చల్లుతారు, వంగి చూపులు కలిపి మళ్లీ విడిపోతారు. ప్రతిసారీ ఒకరి ముఖంలో ఎరుపు ఎక్కుతుంది, మరొకరి శ్వాస నెమ్మదిస్తుంది. గడువు ముగిసిందని తెలుసుకోవడం తేలిక. మూలకు వెళ్లిన మల్లుడికి తువ్వాలు అందించారంటే, ఇక వచ్చేది అసలు ఢీ. జనం ఒక్కసారిగా హోరెత్తేది కూడా అప్పుడే.

బరి గురించి నాలుగు మాటలు. మట్టి దిమ్మె మీద 4.55 మీటర్ల వ్యాసంతో వలయం ఉంటుంది. వరిగడ్డితో చుట్టిన మట్టి మూటలను సగం పూడ్చి దాని అంచు కడతారు. పోటీలకు ముందు రోజు పూజ చేసి, కడిగిన బియ్యం, ఉప్పు, సముద్రపు నాచు, ఎండు స్క్విడ్ వంటివి దాని నడుమ పాతిపెడతారు. పైన వేలాడే కప్పు జపాన్ వారి షింతో మతపు గుడి కప్పును పోలి ఉంటుంది. ఒకప్పుడు దానికి నాలుగు స్తంభాలు ఉండేవి, 1952లో తీసివేసి వాటి బదులు నాలుగు రంగుల కుచ్చులు వేలాడదీశారు. అంచుకు వెలుపల సన్నని ఇసుకను ప్రతి పోరుకూ ముందు పండగనాటి వాకిలిలా ఊడ్చి ఉంచుతారు. కాలు బయట పడితే ఆ ఇసుకలో ముద్ర మిగలాలని ఆ జాగ్రత్త. అనుమానం వస్తే, చుట్టూ నల్లని వస్త్రాలలో కూర్చున్న ఐదుగురు న్యాయనిర్ణేతలు పైకెక్కి మాట్లాడుకుంటారు. తీర్పును సమర్థించవచ్చు, తిప్పివేయవచ్చు, మళ్లీ పోరాడమనవచ్చు. 1969 మార్చిలో తైహో అనే గొప్ప యోకొజునా వరుసగా 45 విజయాల తర్వాత ఓడినట్టు ప్రకటించారు. ప్రత్యర్థి పాదమే ముందు బయట పడిందని టీవీలో తర్వాత తేలింది. ఆపైనే న్యాయనిర్ణేతలు వీడియో సాయం తీసుకోవడం మొదలుపెట్టారు.

మూడున్నర దాటాక మాత్రం ఎవరూ సీట్లు వదలకండి. పై తరగతి మల్లులు జరీ పనితనం ఉన్న బరువైన ముందువస్త్రాలతో వలయం చుట్టూ నిలబడతారు. తర్వాత యోకొజునా నడుముకు తెల్లని మోకు కట్టుకుని, ఖడ్గధారి ఒకవైపు, మార్గదర్శి ఒకవైపు రాగా, ఒంటరిగా నడుమ నిలిచి కాలెత్తి తొక్కుతాడు. జనం 'యోయిషో' అని ఒకేసారి అంటారు. మీరూ అనవచ్చు. 2025లో హోషోర్యు, ఓనోసాతో అనే ఇద్దరు ఆ స్థానానికి వచ్చారు. వారు ఆ రోజు బరిలో ఉంటే, గెలిచిన తర్వాత ముఖాలు చూడండి. విజయగర్వం చూపకపోవడం ఇక్కడ మర్యాద. గెలిచినవాడు ఓడినవాడిలాగే నిశ్చలంగా వంగి నమస్కరిస్తాడు. ఈ ఆటలో నన్ను ఇన్నేళ్లూ కట్టిపడేసింది ఆ నిగ్రహమే. యోకొజునా ఓడితే కొందరు కింద పరిచిన దిండ్లు బరి మీదికి విసురుతారు. అది నిషిద్ధం, ముందువరుసల వారికి దెబ్బ తగులుతుంది. మీరు దిండు ముట్టుకోకండి.

నీకు బాధ కలిగించే సంగతి ఒకటి ముందే చెప్పాలి. స్త్రీలు ఈ బరి మీద అడుగు పెట్టకూడదనే నియమం నేటికీ ఉంది. 2018లో మైజురులో ఒక ప్రదర్శనలో నగర మేయరు బరి మీదే కుప్పకూలితే, ప్రాణం కాపాడటానికి వెళ్లిన స్త్రీలను దిగిపొమ్మని మైకులో ప్రకటించారు. సుమో సంఘాధ్యక్షుడు తర్వాత క్షమాపణ చెప్పారు గానీ నియమం అలాగే ఉంది. ఈ ఆటను నేను ప్రేమిస్తాను, ఆ నియమం మాత్రం తప్పని నమ్ముతాను. మీ అత్తగారు అడిగితే దాచకుండా చెప్పు.

ఇక కూర్చునే విషయం. నలుగురి పెట్టె సీటు అంటే దాదాపు 1.3 మీటర్ల చదరం. చెప్పులు విప్పి నేల మీద దిండ్లపై కూర్చోవాలి. బాసింపట్టు వేసుకోవడం మనవారికి అలవాటే గానీ, ఎనిమిది గంటలు అలా కూర్చుంటే పెద్దవారి మోకాళ్లు ఓర్చుకోవు. ప్రతి గంటకూ ఒకసారి వారిని లేపి వరండాల్లో నడిపించు. కింది అంతస్తులో సుమో మ్యూజియం ఉంది, అది ఆ సమయానికి సరిగ్గా సరిపోతుంది. తిరిగి లోపలికి రానిస్తారో లేదో ద్వారం దగ్గరే అడిగి తెలుసుకున్నాకే భవనం బయటికి వెళ్లండి.

భోజనం గురించి కూడా ముందే ఆలోచించుకో. కొకుగికాన్ కోడిమాంసపు యకితోరికి పేరున్న చోటు. మల్లుల భోజనమైన చాంకో అనే పులుసు కూడా అక్కడ దొరుకుతుంది. మీ మామగారికి రెండూ నచ్చుతాయి. కోడి రెండు కాళ్ల మీద నిలబడుతుంది, చేతులు నేలకు ఆన్చదు కాబట్టి మల్లులు దాన్ని శుభంగా భావిస్తారని ఆయనకు చెప్పు, ఆసక్తిగా వింటారు. మీ అత్తగారు శాకాహారి కాబట్టి లోపల ఆమెకు తగినది దొరుకుతుందని నమ్మవద్దు. ఉదయం ఇంట్లోనే కడుపునిండా పెట్టి తీసుకెళ్లు. బయటి ఆహారం మీద నియమాలు ఏమున్నాయో టికెట్టు వెనుక చదువు.

నిషి కసాయ్ నుంచి తోజాయ్ లైన్‌లో మోన్‌జెన్ నకాచో దాకా వెళ్లి, అక్కడ ఓఎదో లైన్‌కు మారితే ర్యోగోకు చేరతారు. స్టేషను బయటికి రాగానే మల్లుల పేర్లు రాసిన రంగురంగుల నిలువు పతాకాలు కనిపిస్తాయి. అవే దారి చూపుతాయి. మీ మామగారు ఫొటో దిగాలంటే అక్కడే ఆగండి, సాయంత్రం జనంలో చోటు దొరకదు. మధ్యాహ్నం దాటాక పెద్ద మల్లులు కిమోనోలతో లోపలికి వచ్చే దారి దగ్గర అభిమానులు నిలబడతారు. కాసేపు నిలబడటంలో తప్పులేదు గానీ, వారిని తాకడానికి ప్రయత్నించవద్దు.

ఆరు గంటలకు చివరి పోరు అయ్యాక ఒక మల్లుడు విల్లు తిప్పే తంతు ఉంటుంది. చాలామంది అప్పటికే రైలు కోసం లేచిపోతారు. మీరు కూర్చోండి. ఆ తర్వాత కూడా స్టేషను దగ్గర రద్దీ తగ్గేదాకా పెద్దవారిని తొందరపెట్టకు.

టికెట్టు మీద ఉన్న సీటు వివరాలు నాకు రాసి పంపు. మీరు తూర్పు వైపు కూర్చుంటారో పడమర వైపో చూసి, ఏ మల్లులు మీకు దగ్గరగా నడిచి వస్తారో చెబుతాను.

ఆశీస్సులతో,
మీ మామయ్య