బజ్జీల బండి నూనెతో, పత్తికట్టెతో బయోడీజిల్ చేయొచ్చా?

నూనెతో చేయొచ్చు. పత్తికట్టె, వరిగడ్డితో కుదరదు. బయోడీజిల్‌కి కొవ్వు కావాలి. కట్టెలో, గడ్డిలో ఉండేది పీచు. దాంతో ఇథనాల్, బయోగ్యాస్ చేస్తారు, అది వేరే దారి. గుంటూరు చుట్టుపక్కల పంటల్లో ఇందుకు పనికొచ్చేవి పత్తి గింజల నూనె, తవుడు నూనె, వాటిని శుద్ధి చేసేటప్పుడు మిగిలే మడ్డి.

ఇక బజ్జీల నూనె. ముందు బట్టలో వడగట్టి శనగపిండి నలకలు తీసేయాలి. 100 డిగ్రీలు దాటేదాకా కాచి నీరు పోగొట్టాలి. 60 డిగ్రీలకు దిగాక, మిథనాల్‌లో కరిగించిన కాస్టిక్ సోడా పోసి గంటసేపు కలియబెడతారు. 100 లీటర్ల నూనెకు సుమారు 20 లీటర్ల మిథనాల్ పడుతుంది. కదపకుండా ఉంచితే ముదురు గోధుమరంగు గ్లిజరిన్ అడుగుకు దిగుతుంది, పైన తేరేది బయోడీజిల్. దాన్ని నీళ్లతో కడిగి, తడి లేకుండా ఆరబెట్టాలి.

అసలు చిక్కంతా పదేపదే మరిగించిన నూనెతోనే. అందులో ఆమ్లాలు పెరిగి ఉంటాయి. కాస్టిక్ సోడా పడగానే అవి సబ్బు అయిపోతాయి, పొరలు విడిపోవు. అందుకే ముందు టైట్రేషన్ (నూనెలో ఆమ్లం ఎంతుందో కొలిచే పరీక్ష) చేసి చూస్తారు. ఆమ్లం ఎక్కువుంటే, దాన్ని తగ్గించడానికి కాస్టిక్ సోడా కంటే ముందు సల్ఫ్యూరిక్ ఆమ్లం, మిథనాల్‌ కలిపి ఒక విడత నడిపిస్తారు.

ఇంట్లో మాత్రం వద్దు బాబోయ్! మిథనాల్ విషం, పైగా దాని మంట పగటి వెలుగులో సరిగ్గా కనబడదు. విజయవాడలో హోటలో, కర్రీ పాయింటో ఉంటే, ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018లో మొదలుపెట్టిన ‘రూకో’ (వాడేసిన వంటనూనెను సేకరించే కార్యక్రమం) కింద నమోదైన సేకరణదారులకు అమ్ముకోవడమే తేలిక. పోలార్ పదార్థాలు (నూనె పదేపదే కాగినప్పుడు చెడిపోయి పుట్టేవి) 25 శాతం దాటిన నూనెను వంటకు వాడకూడదన్న నిబంధన ఎలాగూ ఉంది.