నీటి కేంద్రం గోడపై ఎవరి కళ?

ప్రశ్న: తిరుపతి సమీపంలోని మా నీటి శుద్ధి కేంద్రంలో స్థానిక గిరిజన వారసత్వం కనిపించేలా చిత్రాలు వేయించాలనుకుంటున్నాము. వార్లీ బొమ్మలకు చదరపు అడుగు రేటుతో టెండరు పిలుద్దామని కొందరంటున్నారు. ఇది సరైనదేనా?
– ఒక ఇంజనీరు, తిరుపతి

జవాబు: మీ సంకల్పం మంచిదే కానీ, ఎర్రమట్టి గోడపై బియ్యప్పిండితో త్రికోణాలుగా మనుషులను దిద్దే వార్లీ కళ మహారాష్ట్రలోని ఠాణే, పాల్ఘర్ ప్రాంతాలది. దాన్ని ఇక్కడ వేయించి మన గిరిజన వారసత్వమని పేరు పెడితే, తరతరాలుగా ఈ ప్రాంతంలో బతుకుతున్న యానాదులను సొంత ఊళ్లోనే లేనివాళ్లను చేసినట్లవుతుంది. శ్రీకాళహస్తి కలంకారీ మన జిల్లాదే. బట్టను పారే నీటిలో పదేపదే జాడిస్తే తప్ప పూర్తికాని ఆ పని నీటి కేంద్రానికి ఎంతో తగినది కూడా. అయినా దానిని గిరిజన కళ పేరుతో వేయించకూడదు.

యానాదుల విద్యను ప్రధానంగా గోడమీది బొమ్మల్లో వెతకనక్కర్లేదు. అది వాగులో చేప జాడ పట్టే చూపులో, మూలికల ఎరుకలో, వెదురుతో అల్లిన చేపల బుట్టలో ఉంది. ఆ బుట్ట నోటిని ఒకసారి దగ్గరగా చూడండి: మొనదేలిన పుల్లలన్నీ లోపలికి వాలి ఉంటాయి, వాటి మధ్య దూరిన చేప మళ్లీ బయటికి రాలేదు. మీ గేటు దగ్గర నిలపదగిన శిల్పం నాకు అందులోనే కనిపిస్తోంది. అయితే నిర్ణయించవలసింది నేనూ కాదు, మీరూ కాదు. డిజైను గీయించక ముందే దగ్గరలోని యానాది కాలనీకి వెళ్లి, ఏది చూపవచ్చో, ఏది చూపకూడదో పెద్దలను, ముఖ్యంగా ఆడవారిని అడగండి. వారు మీకోసం వెచ్చించే రోజులకు సలహాదారులకిచ్చే రుసుమే ఇవ్వండి, వద్దన్నదాన్ని మానుకోండి. చదరపు అడుగు రేటు సున్నం వేయించడానికి సరిపోతుంది, ఇలాంటి పనికి సరిపోదు.

ఒప్పందంలో కళాకారుల పేర్లు, మరమ్మతు బాధ్యత, తొలగించవలసివస్తే ముందుగా తెలియజేయడం తప్పక రాయించండి. ఢిల్లీ విజ్ఞాన్ భవన్ నుంచి 1979లో తొలగించిన తన కుడ్యశిల్పం విషయంలో శిల్పి అమర్‌నాథ్ సెహగల్ కోర్టుకెక్కగా, తన కృతిని పాడుచేస్తే ప్రశ్నించే హక్కును కళాకారునికిచ్చే, 1957 నాటి కాపీరైటు చట్టంలోని 57వ సెక్షను ఆధారంగా ఢిల్లీ హైకోర్టు 2005లో ఆయనకు 5 లక్షల రూపాయల పరిహారం ఇప్పించి, మిగిలిన భాగాలను తిరిగి అప్పగించమంది.

చివరగా, రంగులేవైనా ప్రహరీ గోడకే పరిమితం చేయండి. నీరు నిలిచే ట్యాంకు గోడపై చెమ్మ మొదట మరకగానే కనిపిస్తుంది. చిత్రం వేస్తే ఆ మరక మీ సిబ్బంది కంటపడదు.