అమ్మని వైజాగ్ తీసుకెళ్లే ముందు

పర్లాకిమిడి

బుజ్జీ,

పొట్ట కేన్సర్ వైద్యానికి అమ్మని నువ్వే వైజాగ్ తీసుకెళ్తున్నావని, బడికి సెలవు కూడా పెట్టేశావని మీ నాన్న చెప్పాడు. గుణుపూర్ దాటి ఒక్కదానివీ ఎక్కడికీ వెళ్లని పిల్లవి! విన్నప్పుడు గర్వంగా అనిపించింది, ఆ వెనకే టెన్షన్ పట్టుకుంది. ఫోన్లో అయితే నేను ఏడుస్తాను, నువ్వు వినవు. అందుకే రాస్తున్నా.

కాగితాల సంగతి నీకు చెప్పక్కర్లేదు. ఎండోస్కోపీ, సీటీ, బయాప్సీ రిపోర్టులతో పాటు బయాప్సీ స్లైడులు, బ్లాకులు (పరీక్షకి తీసిన ముక్కని దాచిపెట్టినవి) కూడా అడిగి తీసుకో. ఏ మందు పనికొస్తుందో తేల్చడానికి చేసే హెర్-2 పరీక్ష అవసరమా, చేశారా అని కనుక్కో. కార్డు దగ్గర మాత్రం జాగ్రత్త. ఆంధ్రాలోని పాతపట్నం మా ఊరి పక్కనే అయినా, మనది ఒడిశా కాబట్టి ఆంధ్రా వాళ్ల ఆరోగ్య పథకం మనకి వర్తించదు. మన ఆయుష్మాన్ కార్డే దిక్కు, అదీ ఆ పథకంలో ఉన్న ఆస్పత్రిలోనే. అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా కేన్సర్ ఆస్పత్రికి బయల్దేరక ముందే ఫోన్ చేసి, ఒడిశా కార్డు చెల్లుతుందా అని అడుగు. కుదరకపోతే కటక్‌లో ఆచార్య హరిహర్ కేన్సర్ ఆస్పత్రి ఉంది. కానీ మీ అమ్మ ఒడియా బజారు వరకే. కడుపులో బాధ చెప్పుకోవాలంటే దానికి తెలుగే కావాలి. రైలు రాయితీకి ఆస్పత్రి సర్టిఫికెట్ తీసుకో: స్లీపర్లో రోగికి 100 శాతం, తోడు వెళ్లేవాళ్లకి 75 శాతం.

ఇక అసలు సంగతి. అమ్మకి అల్సర్ అని చెప్పారట, ఊళ్లోనూ అదే మాటట. ఎవరి బుర్రలో పుట్టిందే ఈ ఆలోచన? నీదే అయితే నీకూ చీవాట్లే.

మీ పెదనాన్నకీ ఇదే జబ్బుకి పొట్ట, అంటే లోపల అన్నం చేరే సంచి, మొత్తం తీసేశారు. ఆపరేషన్ బాగానే అయింది. ఇంటికి రాగానే, ఎవరికీ చెప్పడానికి వీల్లేదన్నారు. పెళ్లీడు కూతురుంది, కేన్సర్ ఇల్లంటారని భయం. డిశ్చార్జి కాగితం బీరువాలో చీరల కింద పెట్టి తాళం వేశారు. బి12 విటమిన్ ఇంజెక్షన్ జీవితాంతం వేయించుకోవాలని అందులోనే ఉంది. కొన్నాళ్లు వేయించుకుని, మనిషి కాస్త తేరుకోగానే మానేశారు. ఒంట్లో నిల్వ ఉన్నంత కాలం ఏమీ తెలియలేదు. తర్వాత అరికాళ్లు మొద్దుబారాయి. బజారు నుంచి ఒంటి చెప్పుతో వచ్చేవారు, రెండోది ఎక్కడ జారిందో ఆయనకే తెలిసేది కాదు. ఒకరు షుగర్ అన్నారు, ఒకరు నరాల బలహీనత అన్నారు. పసరు కట్లు కూడా కట్టించుకున్నారు. ఏ డాక్టరు అడిగినా ఆపరేషన్లేవీ కాలేదనేవారు. నేను నోరు విప్పబోతే కళ్లెర్రజేసేవారు. చివరికి ఓ కుర్ర డాక్టరు చొక్కా పైకెత్తమంటే బొడ్డు దాకా కోత మచ్చ బయటపడింది. ఆ అబ్బాయి ఆయన్ని వదిలేసి నా వైపు చూశాడు. అప్పుడు చెప్పాను. తిండిలోని బి12 ఒంటికి పట్టాలంటే పొట్టలో ఊరే ఒక పదార్థం ఉండాలట. పొట్టే లేనివాళ్లకి అది ఎక్కడిది? సూదులు మొదలయ్యాక తూలడం తగ్గింది, మొద్దుతనం మాత్రం పూర్తిగా పోలేదు. ఎంత చవక మందనుకున్నావ్!

కూతురి పెళ్లంటావా, కుదిరిన సంబంధం వాళ్లింట్లోనే మేనత్తకి అదే జబ్బు. ఒక్కసారే కడుపు నిండా తినకూడదని, కొంచెం కొంచెంగా ఆరుసార్లు తినాలని, అన్నం మధ్యలో నీళ్లు తాగొద్దని చెప్పింది ఆవిడే. పాయసం తాగితే చెమటలు పట్టి గుండె దడదడలాడేది ఎందుకో ఆవిడ మాటల్లోనే అర్థమైంది మాకు. పొట్ట లేక తీపి ఒక్కసారిగా పేగుల్లోకి దిగిపోతే అలా అవుతుందట, దాన్ని డంపింగ్ అంటారట. దాచకపోయుంటే ఆవిడ ఎన్నేళ్ల ముందు దొరికేదో!

కాబట్టి ఓపీ దగ్గర పక్కన కూర్చున్నవాళ్లతో మాట్లాడు. వాళ్ల తిండి సంగతులు విను, కానీ వాళ్ల మందులు మనవనుకోకు. అమ్మకి ముందు కీమో ఇస్తారో, పొట్ట ఎంత తీస్తారో, అసలు తీస్తారో లేదో డాక్టర్లే చెప్పాలి. అక్కడ డైటీషియన్ని కలువు. డబ్బు, బస సంగతులకి మెడికల్ సోషల్ వర్కర్‌ని అడుగు, మొహమాటపడకు. నీకు మనసు బాగోకపోతే 14416కి ఫోన్ చెయ్యి. అది టెలి మానస్, మనసు బాగోనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్, తెలుగులోనూ మాట్లాడతారు. వేళకి నువ్వూ తిను తల్లీ.

అమ్మకి చెప్పడానికి నీకు నోరు రాకపోతే నేనొచ్చి చెబుతా. నా చెల్లెలి సంగతి నాకు తెలియదా? ఈపాటికి దానికి అర్థమయ్యే ఉంటుంది, మీరు బాధపడతారని ఊరుకుంటోంది. ఆదివారం ఉదయం రైలుకి వస్తాను. ఈలోగా ఆధార్‌లోనూ ఆయుష్మాన్ కార్డులోనూ అమ్మ పేరు ఒకేలా ఉందో లేదో చూసి పెట్టు. ఇంటిపేరు తేడా వస్తే అక్కడ కౌంటర్ దగ్గర నిలబెట్టేస్తారు.

మీ పెద్దమ్మ