తుక్కు ఎలాగూ అమ్ముడుపోతుంటే వృథా తగ్గించడం దేనికి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: చిన్న ప్లాస్టిక్ మోల్డింగ్ యూనిట్ ఉంది. రిజెక్ట్ అయిన ముక్కల్ని గ్రైండ్ చేసి మళ్లీ వాడుతున్నారు, మిగిలింది అమ్ముతున్నారు. ఇక వృథా ఎక్కడుంది, తగ్గిస్తే లాభం నిజంగా పెరుగుతుందా అంటున్నారు.

మాది మిర్యాలగూడ దగ్గర రైస్ మిల్లు. మా దగ్గర పారేసేది దాదాపు ఏమీ ఉండదు. ఊక బాయిలర్‌కో ఇటుక బట్టీకో, తవుడు నూనె ఫ్యాక్టరీకి, నూకలు దాణాకు పోతాయి. అన్నీ అమ్ముడుపోతాయి కాబట్టి నష్టం జరుగుతోందని ఎవరికీ అనిపించదు. అసలు చిక్కంతా అక్కడే.

క్వింటా వడ్లు ఆడిస్తే 20-22 కిలోలు ఊక, 8 కిలోలకు అటూఇటూగా తవుడు వస్తాయి. మిగిలిన దాంట్లో నిండు గింజ ఎంత, నూక ఎంత అన్నదాని మీదే మా లాభమంతా. మార్కెట్ రోజూ మారుతుంది కాబట్టి లెక్క కోసం బియ్యం కిలో 40, నూకలు 25 అనుకోండి. క్వింటాకు 2 కిలోల నూకలు తగ్గి ఆ మేరకు నిండు బియ్యం పెరిగితే 30 రూపాయలు మిగులుతుంది. రోజుకు 400 క్వింటాళ్లు ఆడే మిల్లుకు అది 12,000. కొత్త వడ్లు కొనక్కర్లేదు, కరెంటు బిల్లు పెరగదు. నూకల పద్దులో ఆదాయం మాత్రం తగ్గినట్టు కనిపిస్తుంది, గుమాస్తా కంగారు పడతాడు కూడా!

మరి నూక ఎందుకవుతుంది? మెషిన్ కంటే ముందు వడ్లను చూడాలి. మరీ ఎండిన గింజ పెళుసుగా విరుగుతుంది. ఎండిన గింజ మళ్లీ వానకో మంచుకో తడిస్తే లోపల పగుళ్లు వస్తాయి. మా తెలంగాణలో యాసంగి వడ్లు మండుటెండల్లో కోతకొస్తాయి, అందుకే పచ్చిగా, అంటే ఉడకబెట్టకుండా ఆడిస్తే నూక ఎక్కువ. ముందు ఉడకబెట్టి ఆరబెట్టి ఆడిస్తే (బాయిల్డ్ రైస్) తక్కువ విరుగుతుంది. 2021-22లో ఆ బాయిల్డ్ రైస్ కొనడం గురించి కేంద్రానికీ రాష్ట్రానికీ అంత గొడవ జరిగింది ఈ గింజ వల్లే. వాతావరణాన్ని మనం మార్చలేం. కానీ 12 శాతం తేమ ఉన్న లోడు, 16 శాతం ఉన్న లోడు ఒకే కుప్పలో పోయకుండా ఆపగలం. గేటు దగ్గరే తేమ మీటర్ పెట్టి కుప్పలు వేరు చేశాం. హమాలీలు కొన్నాళ్లు విసుక్కున్నారు, తర్వాత అలవాటైంది.

రెండోది వడ్ల పొట్టు ఊడదీసే రబ్బర్ రోల్స్. మా పాత ఆపరేటర్‌కు ఒక పట్టుదల ఉండేది: "పొట్టంతా ఒక్క దెబ్బకే ఊడాలె సేటూ, మళ్ల తిప్పుడేంది?" అందుకని రోల్స్ మధ్య సందు బాగా బిగించేవాడు. చూడ్డానికి పని చకచకా సాగినట్టే ఉంటుంది. కానీ గింజ నలుగుతుంది, రబ్బరు కూడా తొందరగా అరుగుతుంది. 85-90 శాతం పొట్టు ఊడేలా పెట్టి, మిగిలిన వడ్లను సెపరేటర్ (పొట్టు ఊడని గింజను వేరుచేసే మెషిన్) ద్వారా వెనక్కి పంపితేనే మేలు. రెండు రోల్స్‌లో వేగంగా తిరిగేది ముందు అరుగుతుంది కాబట్టి మధ్యలో వాటిని అటూఇటూ మార్చాలి. ఆయన్ను మాటలతో ఒప్పించలేకపోయాం. ప్రతి షిఫ్టులో శాంపిల్ తీసి నూక శాతం బోర్డు మీద రాయడం మొదలుపెట్టాక ఆయనే సందు సరిచూసుకోసాగాడు.

పాలిష్ కూడా అంతే, ఎక్కువైతే బియ్యం బరువు తవుడులోకి పోతుంది. తవుడు నిల్వ ఉంచితే నూనెలో ఆమ్లత్వం పెరిగి కొనేవాళ్లు రేటు కోస్తారు.

ఇప్పుడు మీ సంగతి. గ్రైండ్ చేసిన ప్లాస్టిక్‌ను ఉచితంగా వచ్చిన ముడిసరుకుగా చూడకండి. ఆ ముక్క కోసం ఒకసారి కరెంటు, మెషిన్ టైమ్, మనిషి కూలి అయిపోయాయి. మళ్లీ అవన్నీ పెట్టాలి. పైగా పదే పదే కరిగిస్తే చాలా ప్లాస్టిక్‌లలో బలం తగ్గుతుంది. కిలో రిజెక్ట్‌కు తుక్కు రేటు ఒక్కటే చూడకుండా, మంచి ముక్కగా అమ్మితే ఎంత వచ్చేదో చూసి ఆ తేడా రాయండి.

ముందు పెద్ద మెషిన్లేవీ కొనకండి. ఒక వారం రిజెక్ట్‌లను కారణాన్ని బట్టి వేర్వేరు డబ్బాల్లో వేసి తూకం వేయండి: రంగు మార్చినప్పుడు పోయినవి, మెషిన్ స్టార్ట్ చేసినప్పుడు పోయినవి, తేమ వల్ల చారలు వచ్చినవి, సగమే నిండినవి. రంగు మార్పు డబ్బా బరువుగా ఉంటే లేత రంగు నుంచి ముదురు రంగుకు వెళ్లేలా ఆర్డర్లు వరస మార్చండి, దానికి పైసా ఖర్చు లేదు. నైలాన్ లాంటి తేమ పీల్చే ప్లాస్టిక్ వాడుతుంటే డ్రయ్యర్ సరిగ్గా పనిచేస్తోందా చూడండి.

బయటి నిపుణుడు కావాలనుకుంటే కేంద్రం 2023 మార్చిలో మళ్లీ మొదలుపెట్టిన ఎంఎస్ఎంఈ కాంపిటీటివ్ లీన్ స్కీమ్ (చిన్న పరిశ్రమల్లో వృథా తగ్గించే పథకం) ఉంది, కన్సల్టెంట్ ఖర్చులో 90 శాతం ప్రభుత్వమే భరిస్తుంది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న పరిశ్రమగా ప్రభుత్వ నమోదు ఉండాలి. కానీ ఆ వారం తూకాలు మీ చేతిలో ఉన్నాకే పిలవండి, లేదంటే ఆయన మొదటి కొన్ని రోజులు ఆ లెక్కలు తీయడానికే సరిపోతాయి.