ఫోనుకు వస్తున్న వైఫై ల్యాప్‌టాప్‌కు ఎందుకు రావడం లేదు?

‘కనెక్ట్ అయినట్టే చూపిస్తోంది, ఒక్క పేజీ కూడా తెరుచుకోవడం లేదు, అదే వైఫై ఫోనులో చక్కగా వస్తోంది’ అని మీరు రాసింది చదవగానే నవ్వు వచ్చింది, క్షమించండి. అచ్చం ఈ లక్షణాలతోనే నేను మూడు సాయంత్రాలు పోగొట్టుకున్నాను. వాటితోపాటు కొంత డబ్బు కూడా.

ముందుగా ఒక మాట. రూటర్ జోలికి పోకండి. ఫోనుకు ఇంటర్నెట్ ఇస్తున్నది ఆ రూటరే కదా! అయినా ఎవరిని అడిగినా ‘ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయండి’ అనే అంటారు. అది సలహా కాదు, అడిగినవాళ్లను వదిలించుకునే పద్ధతి.

మా ఇంట్లో పాత రూటర్ పాడైతే కొత్తది పెట్టాం. అన్ని పరికరాల్లో మళ్లీ టైపు చేసే శ్రమ తప్పుతుందని కొత్తదానికీ పాత పేరే, పాత పాస్‌వర్డే ఇచ్చాను. ఫోన్లు, టీవీ వాటంతట అవే కలిశాయి. ల్యాప్‌టాప్ కూడా కలిసింది, సిగ్నల్ నిండుగా ఉంది, ఇంటర్నెట్ మాత్రం లేదు. రీస్టార్ట్ చేశాను. ఆ వైఫైని ‘ఫర్గెట్’ చేసి మళ్లీ కలిపాను. డ్రైవర్ అప్‌డేట్ చేశాను. విండోస్‌లోని ట్రబుల్‌షూటర్‌ను నడిపితే డిఫాల్ట్ గేట్‌వే, అంటే ల్యాప్‌టాప్ బయటికి వెళ్లే దారిగా వాడే రూటర్ అడ్రస్, అందుబాటులో లేదని చెప్పింది. నిజానికి జవాబు అందులోనే ఉంది, నేనే పట్టించుకోలేదు. ఒక మిత్రుడు ఫార్మాట్ చేసేయమన్నాడు. ఆయన దగ్గర ప్రతి రోగానికీ అదే మందు.

అప్పుడు నా తెలివి ఉపయోగించాను. ఫోనులో హాట్‌స్పాట్ పెట్టి దానికి కలిపాను. అక్కడా ఇదే తంతు. కేబుల్ పెడితే మాత్రం ఇంటర్నెట్ వచ్చింది. ఇంకేముంది, ల్యాప్‌టాప్ లోపలి వైఫై కార్డు పోయిందని తీర్పు ఇచ్చేశాను. యూఎస్‌బీకి పెట్టే చిన్న వైఫై అడాప్టర్ కొన్నాను. పెట్టిన మరుక్షణం అన్నీ తెరుచుకున్నాయి. ఇంత పద్ధతిగా పరీక్షించి నిరూపించిన అబద్ధాన్ని నేను మరెక్కడా చూడలేదు.

ఆ అడాప్టర్‌తో మరో తలనొప్పి మొదలైంది. పక్క పోర్టులో హార్డ్ డిస్క్ పెట్టినప్పుడల్లా వైఫై తెగిపోయేది. యూఎస్‌బీ 3.0 పరికరాలు పని చేసేటప్పుడు వెలువడే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మీద పడుతుంది. ఇంటెల్ సంస్థ 2012లోనే దీని మీద ఒక పత్రం ప్రచురించింది. నా అడాప్టర్‌కు 5 గిగాహెర్ట్జ్ లేదు, ఉంటే ఆ బాధ తప్పేది. చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో దూరంగా జరిపితే సర్దుకుంది. ఇంత ముఖ్యమైన విషయాన్ని అడాప్టర్ పెట్టె మీద ఒక్క ముక్క కూడా రాయరు.

ఆ గొడవలోనే ఒకరోజు కమాండ్ ప్రాంప్ట్ (విండోస్‌లో ఆదేశాలు టైపు చేసే కిటికీ) తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని కొట్టాను. యూఎస్‌బీ అడాప్టర్‌కు 192.168.0తో మొదలయ్యే ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ప్రతి పరికరానికీ ఉండే నంబరు) ఉంది. ‘చచ్చిపోయిన’ కార్డు దగ్గర 192.168.1.50 అని ఉంది. ఆ 50ని చూడగానే గుర్తుపట్టాను. దాన్ని ఇచ్చింది నేనే! స్కాన్ చేసిన కాగితాలను స్కానర్ నేరుగా ల్యాప్‌టాప్‌కు పంపాలంటే అడ్రస్ మారకూడదని అప్పుడెప్పుడో నా చేత్తోనే టైపు చేశాను. ఆ స్కానర్ మూలపడి చాలా కాలమైంది.

పాత రూటర్ ఉన్నది 192.168.1.1 దగ్గర, కొత్తది ఉన్నది 192.168.0.1 దగ్గర. పాస్‌వర్డ్ సరైనదే కనుక కార్డు రూటర్‌తో కలిసింది. కానీ బయటికి పంపాల్సిన ప్రతిదాన్నీ ఖాళీ అయిపోయిన పాత ఇంటి గుమ్మం ముందు పెట్టి వస్తోంది. హాట్‌స్పాట్‌తోనూ జరిగింది అదే. నాది ఐఫోన్, అది ఇచ్చే అడ్రస్‌లు 172.20.10తో మొదలవుతాయి. కేబుల్‌కు, యూఎస్‌బీ అడాప్టర్‌కు దేని సెట్టింగులు దానివే కనుక అవి హాయిగా పనిచేశాయి. ‘ఫర్గెట్’ చేస్తే పాస్‌వర్డ్ మరిచిపోతుంది కానీ, పాత కంట్రోల్ ప్యానెల్‌లో కార్డు మీద రాసిపెట్టిన అడ్రస్‌ను మరిచిపోదు. ఒకే పనికి పాత చోటు ఒకటి, కొత్త చోటు ఒకటి ఎందుకు ఉంచారో ఆ విండోస్ వాళ్లకే తెలియాలి.

కాబట్టి మీరూ ఐపీకాన్ఫిగ్ కొట్టి, వైఫై కింద ఉన్న అడ్రస్‌నూ గేట్‌వేనూ మీ ఫోనులోని వైఫై వివరాలతో పోల్చి చూడండి. చుక్కలతో విడదీసిన నాలుగింటిలో మొదటి మూడు అంకెలు వేరుగా ఉంటే మీ కథా నా కథే. విండోస్ మీటతోపాటు ఆర్ నొక్కి ఎన్‌సీపీఏ డాట్ సీపీఎల్ (ncpa.cpl) అని ఇవ్వండి. వైఫై మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లోకి వెళ్లి, ఇంటర్నెట్ ప్రోటోకాల్ వెర్షన్ 4 తెరిచి, అడ్రస్‌నూ, సైట్ల పేర్లను అడ్రస్‌లుగా మార్చే డీఎన్ఎస్‌నూ రెండింటినీ ఆటోమేటిక్‌కు మార్చండి. నాకు పట్టింది అర నిమిషం. అడ్రస్ 169.254తో మొదలైతే మాత్రం కథ వేరు. రూటర్ నుంచి అడ్రస్ అందక కంప్యూటర్ తనకు తానే ఇచ్చుకున్న అంకె అది. అంకెలు కలిసినా పేజీలు రాకపోతే డీఎన్ఎస్ చూడండి, గడియారం తేదీ కూడా చూడండి. తేదీ తప్పితే చాలా సైట్లను బ్రౌజర్ భద్రత లేదని ఆపేస్తుంది.

మీకు నిజంగానే మారని అడ్రస్ కావాలంటే దాన్ని రూటర్‌లో రిజర్వ్ చేయండి, ల్యాప్‌టాప్‌లో రాయకండి. రూటర్ మారిన రోజున ఆ రిజర్వేషన్ కూడా దానితోపాటే పోతుంది.

వైఫై కార్డు పోయిందని ఎవరైనా చెబితే, ఏదైనా కొనే ముందు మీ ల్యాప్‌టాప్ అడ్రస్, గేట్‌వే ఆ రెండూ ఇక్కడ రాయండి. అప్పటికీ అడాప్టర్ కావాలంటే నా సొరుగులో ఒకటి ఖాళీగా ఉంది.